కనబడని వ్యాధిని ఎవరియందు వెదకవలెను?

ఇల్లు అంటుకొనిన పిమ్మట నుయ్యి త్రవ్వుట వ్యర్థమని మన పెద్దలు చెప్పుదురు. కేన్సరు విషయమున వైద్యులు చెప్పు మాటయు ఇదియే. వ్యాధి చిన్నదిగా ఉన్నపుడే పట్టుకొనినచో నయమగును. ముదిరిన పిమ్మట ఎంత ధనము వెచ్చించినను ఫలము తక్కువ. నోటి కేన్సరునకును రొమ్ము కేన్సరునకును ఈ మాట సులభముగా అన్వయించును. నోటిలోని పుండును అద్దములో చూడవచ్చును. రొమ్ములోని గడ్డ చేతికి తగులును. కాని కంటికి కనబడక, చేతికి తగులక, చాలకాలము నొప్పియైనను కలిగింపక పొట్టలోపల పెరుగు కేన్సరును ముందుగా పట్టుకొనుట ఎట్లు? అట్టివానిలో క్లోమమునకు వచ్చు కేన్సరు మిక్కిలి కఠినమైనది. దానిని గూర్చి ఈ వ్యాసములో వివరింపదలచినాము.

ఇది విద్యార్థుల పత్రికలో వ్రాయదగిన విషయమా అని కొందఱు శంకింపవచ్చును. మన హోసూరు ప్రాంతపు తెలుగిండ్లలో ఆసుపత్రి కాగితములు చదువువారెవరు? తెలుగు తప్ప మఱియొక భాష చదువనేరని తాతకు, వేలూరునుండి వచ్చిన కాగితమైనను, బెంగళూరునుండి వచ్చిన కాగితమైనను చదివి అర్థము చెప్పునది తొమ్మిదవ తరగతి, పదవ తరగతి పిల్లలే. కావున వారు ఈ సంగతి తెలిసికొనియుండుట మేలని మా అభిప్రాయము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. మనము క్లోమము అనుదానిని తమిళములో కణైయమందురు. కన్నడములో మేదోజీరక గ్రంథి యందురు. కన్నడదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఈ రెండవ పేరే ముందుగా పరిచయమైనది. మన పెద్దలు రాచపుండనియు, పుట్టకురుపనియు పిలిచిన వ్యాధిని తమిళులు పుట్రునోయ్ అందురు. ఆ 'పుట్రు' మన పుట్టయే. మూడు భాషలవారు ఇరుగుపొరుగున నివసించు మనవంటి చోట ఒకే వ్యాధి మూడు పేర్లతో ఇంటిలోనికి వచ్చును. పేర్లు వేరైనను వ్యాధి ఒక్కటియే యని గుర్తించుట మొదటి పని.

క్లోమము జీర్ణకోశమునకు వెనుకగా, వెన్నెముకకు ముందుగా, అడ్డముగా పండుకొనియున్న అవయవము. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. దాని తల చిన్నప్రేవు మొదటి వంపులో ఇమిడియుండును. తోక ఎడమవైపున ప్లీహము వఱకు సాగును. ఇది రెండు పనులు చేయును. మనము తిన్న అన్నమును, పప్పును, నూనెను జీర్ణము చేయు రసములను ప్రేవులోనికి పంపుట ఒకటి. రక్తములోని చక్కెరను అదుపులో ఉంచు ఇన్సులిన్ మున్నగు ద్రవ్యములను రక్తములోనికి విడుచుట రెండవది. ఈ రెండు పనులను జ్ఞాపకముంచుకొన్నచో ముందు చెప్పబోవు విషయములు సులభముగా బోధపడును.

కాలేయమునుండి పైత్యరసమును తెచ్చు నాళము క్లోమపు తలలోనుండియే సాగును. తలయందు గడ్డ పుట్టి ఆ నాళమును నొక్కినచో పైత్యము రక్తములో కలిసి కన్నులు పచ్చబడును, మూత్రము ముదురురంగగును, మలము తెల్లబాఱును, దేహమంతయు దురద పుట్టును. ఇట్లు నొప్పిలేని కామెర్లు కనబడుట ఒక విధముగా రోగి అదృష్టము. వ్యాధి తన ఉనికిని తానే చాటినది. గడ్డ నడుమనో తోకయందో పుట్టినచో ఆ గురుతు చాలకాలము కనబడదు. ఆకలి మందగించుట, కారణము లేక బరువు తగ్గుట, వెన్నులోనికి పొడుచునట్టి నొప్పి మాత్రము ఉండును. ఇవి నూఱు కారణములచేత రాగలవు. కావున రోగియు, ఒక్కొక్కప్పుడు వైద్యుడును, వానిని చిన్నవానిగా తలచుట సహజము.

ఈ ఆలస్యమునకు మూల్యము ఎంతటిదో లెక్కలు చెప్పుచున్నవి. అమెరికాలో ఈ వ్యాధి సోకినవారిలో అయిదేండ్లు జీవించువారు నూటికి సుమారు 13 మంది. వ్యాధి క్లోమమును దాటకముందే బయటపడినవారిని మాత్రమే లెక్కించినచో ఆ సంఖ్య నూటికి 40 దాటును. గడ్డను కోసి తీసివేయు శస్త్రచికిత్సను 1935లో న్యూయార్కు నగరపు వైద్యుడు ఆలెన్ విపుల్ లోకమునకు వివరించెను. నేటికిని అతని పేరనే ఆ చికిత్స పిలువబడుచున్నది. కాని వ్యాధి బయటపడునాటికి శస్త్రచికిత్సకు తగిన స్థితిలో ఉండువారు నూటికి ఇరువదిమందికి మించరు. తక్కినవారికి కత్తి పట్టు సమయము దాటిపోయియుండును.

అట్లయిన ఈ వ్యాధి నిజముగా అంత వేగము గలదా? చాలకాలము అందఱును అట్లే తలచిరి. 2010లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ నమ్మకమును కదలించిరి. మరణించిన రోగుల గడ్డలలోని జన్యువులను పరిశీలించి, మార్పులను లెక్కించి, వ్యాధి వయస్సును వారు అంచనా వేసిరి. మొదటి జన్యుదోషము పుట్టినది మొదలు నిజమైన కేన్సరుకణము ఏర్పడుటకు పది సంవత్సరములకు పైగా పట్టుననియు, అది ఇతరావయవములకు ప్రాకు శక్తిని పొందుటకు మఱియొక అయిదేండ్లయినను పట్టుననియు, ఆ పిమ్మట సగటున రెండేండ్లలో రోగి మరణించుననియు తేలినది. అనగా మన కంటబడునది ఆఖరి అంకము మాత్రమే. దొంగ ఇంటిలో దూరి పదునైదేండ్లయినది. మనము మేల్కొన్నది అతడు గడప దాటు వేళ! ఆ నడిమి సంవత్సరములలో వ్యాధిని చూడగలిగినచో ప్రాణము నిలుపుటకు వ్యవధి కలదని ఈ పరిశోధన తెలిపినది.

అయినచో దేశములోని వారినందఱిని ఏటేట పరీక్షించరాదా అని చురుకైన విద్యార్థి అడుగును. ఇచ్చట గణితము మనకు తోడ్పడును. ఉదాహరణకు లక్షమంది జనములో పదిమందికి ఈ వ్యాధి దాగియున్నదనుకొందము. మన పరీక్ష పదిమంది రోగులలో తొమ్మిదిమందిని పట్టుననియు, ఆరోగ్యవంతులలో నూటికి అయిదుగురిని మాత్రము పొరపాటున రోగులని అనుమానించుననియు అనుకొందము. అది మంచి పరీక్షయే. కాని ఫలమేమి? తొమ్మిదిమంది నిజమైన రోగులతోపాటు సుమారు 5,000 మంది ఆరోగ్యవంతులు అనుమానితుల వరుసలో నిలువవలసివచ్చును. అనుమానితులలో నిజమైన రోగి అయిదువందల యేబదిమందికి ఒక్కడు! తక్కినవారికి భయము, ధనవ్యయము, సూదులు, కొందఱికి అనవసరమైన కోతయు తప్పవు. క్లోమమునకు చేయు శస్త్రచికిత్స చిన్నది కాదు. దానివలననే ప్రాణహాని కలుగవచ్చును.

ఇపుడు అదే పరీక్షను, పదిమంది రోగులు దాగియున్న వేయిమంది గుంపునకు చేయుదము. రోగులలో తొమ్మిదిమంది పట్టుబడుదురు. ఆరోగ్యవంతులలో పొరపాటున అనుమానింపబడువారు ఏబదిమంది. అనుమానితులలో ఇంచుమించు ఆఱేడుగురికి ఒకడు నిజమైన రోగి. పరీక్ష మాఱలేదు, దానిని చేసిన జనము మాఱినది. ఈ ఒక్క సూత్రమే ఈ విషయమునకంతకును కీలకము. ఏ లక్షణములును లేని సామాన్యజనులకు ఈ వ్యాధికై పరీక్షలు చేయవలదని అమెరికా నిపుణుల సంఘము 2004లో చెప్పి, 2019లో మరల ఆ మాటనే స్థిరపఱచినది. ఆ సలహా హెచ్చు ప్రమాదము గలవారికి వర్తింపదని కూడ ఆ సంఘమే తెలిపినది.

మఱి హెచ్చు ప్రమాదము గలవారెవరు?

మొదటివారు కుటుంబమున ఈ వ్యాధి కలవారు. తల్లి, తండ్రి, తోబుట్టువులు, బిడ్డలు దగ్గరి రక్తసంబంధులు. అట్టి కుటుంబములను అనుసరించి పరిశీలించి 2004లో వెలువరించిన లెక్కల ప్రకారము, దగ్గరి సంబంధులలో ఒకరికి ఈ వ్యాధి వచ్చియున్నచో ప్రమాదము సామాన్యులకంటె సుమారు నాలుగున్నర రెట్లు. ఇద్దఱికి వచ్చినచో ఆఱు రెట్లకు పైన. ముగ్గురికి వచ్చినచో ముప్పదిరెండు రెట్లు. అమెరికా అధ్యక్షుడుగా ఉండిన జిమ్మీ కార్టర్ కుటుంబము ఇందులకు లోకమెఱిగిన నిదర్శనము. ఆయన తండ్రి 1953లోను, చెల్లెలు రూత్ 1983లోను, తమ్ముడు బిల్లీ 1988లోను, మఱియొక చెల్లెలు గ్లోరియా 1990లోను ఈ వ్యాధిచేతనే మరణించిరి. కార్టర్ మాత్రము నూఱేండ్లు జీవించి 2024 డిసెంబరులో కన్నుమూసెను. తండ్రియు తోబుట్టువులును పొగత్రాగిరనియు, తాను త్రాగలేదనియు ఆయనయే చెప్పియుండెను. ఒక్క ఇంటి కథతో సిద్ధాంతము చేయరాదు. కాని పొగాకు ఈ వ్యాధి ప్రమాదమును ఇంచుమించు రెండింతలు చేయుననుట అనేక పరిశోధనలచేత నిర్ధారితమైనది. రక్తములో వచ్చినదానిని మార్చలేము. చేతిలోని బీడీని పాఱవేయగలము.

రెండవవారు కొన్ని జన్యుదోషములతో పుట్టినవారు. రొమ్ము కేన్సరును, అండాశయపు కేన్సరును కలిగించు బి.ఆర్.సి.ఏ. 2 అను జన్యువులోని దోషము క్లోమమునకు కూడ హాని చేయును. తల్లిదండ్రులలో ఒకరికి ఈ దోషమున్నచో ప్రతి బిడ్డకును, ఆడుబిడ్డయైనను మగబిడ్డయైనను, అది సంక్రమించుటకు సగము అవకాశము కలదు. దీనినుండి గ్రహింపవలసిన ముఖ్యవిషయము ఒకటున్నది. మేనత్తకు వచ్చిన రొమ్ము కేన్సరును, తాతకు వచ్చిన క్లోమపు కేన్సరును ఒకే బీజమునుండి పుట్టియుండవచ్చును. వేర్వేరు వ్యాధులని విడివిడిగా తలచినచో ఆ సంబంధము ఎన్నటికిని కనబడదు.

మూడవవారు చిరకాలముగా క్లోమశోథతో, అనగా క్లోమపు వాపుతో, బాధపడువారు. ఇది మన దక్షిణదేశమునకు దగ్గరి సంగతి. మద్యము ముట్టని యువకులకును చిన్నతనముననే కడుపునొప్పి వచ్చుట, క్లోమనాళములో రాళ్లు ఏర్పడుట, పిమ్మట మధుమేహము సంక్రమించుట అను ఒక విధమైన వ్యాధిని 1959లో జుయిడెమా అను వైద్యుడు ఇండోనేషియాలో వర్ణించెను. కేరళలో డాక్టరు గీవర్గీసు అట్టి రోగులను ఎందఱినో పరిశీలించెను. ఈ రోగులలో క్లోమపు కేన్సరు సామాన్యులకంటె అనేక రెట్లు హెచ్చని మద్రాసు రోగులపై జరిగిన పరిశోధన 1994లో తెలిపినది. 2002లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులు, అచ్చటి వైద్యులతో కలిసి, ఈ వ్యాధిగ్రస్తులలో పలువురికి స్పింక్ 1 అను జన్యువులో దోషమున్నదని కనుగొనిరి. జీర్ణరసము క్లోమమునే జీర్ణము చేయకుండ కాపాడు కావలివాడు ఈ జన్యువు తయారుచేయు పదార్థము. కావలి బలహీనమైనచో రసము ఇంటినే కాల్చును.

నాలుగవవారు క్లోమములో ఒక విధమైన జిగురుద్రవపు తిత్తులు కలవారు. వేఱు కారణమునకై తీసిన స్కానులో ఇవి తఱచుగా బయటపడుచున్నవి. వీనిలో అధికభాగము ఎన్నటికిని హాని చేయవు. కాని కొన్ని క్రమముగా కేన్సరుగా మాఱును గనుక వైద్యుని కనుసన్నలలో ఉంచవలెను.

ఐదవవారిని గూర్చి జాగ్రత్తగా చెప్పవలెను. క్లోమము చెడినచో ఇన్సులిన్ పని తడబడును గనుక, ఏబదియేండ్లు దాటినవారికి క్రొత్తగా వచ్చిన మధుమేహము ఒక్కొక్కప్పుడు ఈ కేన్సరునకు ముందుగురుతు కావచ్చును. అమెరికాలోని మేయో ఆసుపత్రి వైద్యులు 2005లో తెలిపిన దానిని బట్టి, అట్టివారిలో మూడేండ్ల లోపల నూటికి సుమారు ఒకరికి ఈ వ్యాధి బయటపడినది. నూటికి తొంబదితొమ్మిదిమందికి రాలేదనియు ఇందలి అర్థమే. మధుమేహము మన దేశమున ఇంటింట ఉన్నది. దానిని చూచి భయపడవలదు. కాని సాధారణముగా బరువు పెరిగినవారికి వచ్చు ఈ వ్యాధి, బరువు తగ్గిపోవుచున్న వృద్ధునకు, కుటుంబమున ఎవరికిని లేకుండ, హఠాత్తుగా వచ్చినచో ఆ మాటను వైద్యునకు తప్పక చెప్పవలెను.

హెచ్చు ప్రమాదము గలవారిని పరీక్షించు విధము రెండు. ఒకటి ఎమ్.ఆర్.ఐ.; అయస్కాంతశక్తితో లోపలి చిత్రము తీయునది. రెండవది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు; కొనయందు చిన్న ధ్వనియంత్రము గల గొట్టమును నోటిద్వారా జీర్ణకోశములోనికి పంపి, గోడకు ఆవల నున్న క్లోమమును అతి సమీపమునుండి చూచునది. ఇంటి బయటినుండి చూచుటకును, పడకటింటి గోడకు చెవి ఆనించి వినుటకును ఉన్నంత భేదము ఇందున్నది. వీనిని సాధారణముగా ఏటికొకసారి చేయుదురు. కుటుంబమున వ్యాధి కలవారికి ఏబదవ యేట, లేక ఆ కుటుంబమున అతిచిన్న వయస్సున వ్యాధి సోకినవాని వయస్సునకు పదేండ్లు ముందుగా మొదలిడుదురు. కొన్ని జన్యుదోషములకు నలుబదవ యేటనే మొదలిడుదురు. సి.ఏ. 19-9 అను రక్తపరీక్ష ఉన్నది గాని, అది ఒక్కటియే చాలదు. సాధారణమైన కామెర్లలోను అది పెరుగును. కొందఱి రక్తములో అది పుట్టుకతోనే ఉండదు.

ఈ శ్రమవలన ఫలము కలదా? అమెరికాలోని ఎనిమిది వైద్యకేంద్రములు హెచ్చు ప్రమాదము గల 1,461 మందిని పరిశీలించి 2022లో ఫలితములు వెలువరించినవి. వారిలో పదిమందికి క్లోమపు కేన్సరు వచ్చినది. క్రమముగా పరీక్షలకు వచ్చుచుండిన తొమ్మిదిమందిలో ఏడుగురికి వ్యాధి మొదటి దశలోనే పట్టుబడినది. పదవవాడు పరీక్షలు మానివేసి నాలుగేండ్లయినది. అతని వ్యాధి బయటపడునాటికే ఇతరావయవములకు ప్రాకియుండెను. అంతకుముందరి అధ్యయనములతో కలిపి చూడగా, పరీక్షలలో పట్టుబడినవారిలో నూటికి 73 మంది అయిదేండ్లు జీవించిరి. ముందుగా చూచినవానికి లెక్కయు ముందుగా మొదలగును గనుక, ఆయుర్దాయము కొంత ఎక్కువగా కనబడుట సహజమని విమర్శకులందురు. అది న్యాయమైన మాటయే. అయినను మొదటి దశలో దొరకిన గడ్డను కోసి తీయవచ్చును, ప్రాకినదానిని తీయలేము. ఈ భేదము లెక్కలోని భ్రమ కాదు.

ఇక మన కర్తవ్యమేమి? పరీక్షకు తగినవారెవరో నిర్ణయించునది యంత్రము కాదు, కుటుంబచరిత్ర. అచ్చటనే మన ఇండ్లలో లోపమున్నది. ఇంటిపేరును, గోత్రమును, ఏడు తరములుగా చెప్పగలము; మేనమామ ఏ వ్యాధితో పోయెనో చెప్పలేము. 'ఏదో కడుపునొప్పి' అందుము. కేన్సరను మాటను పెండ్లి సంబంధములు చెడునను భయముచేత దాచుదుము. ఇంటిపేరు తండ్రివైపుననే వచ్చును. జన్యువునకు ఆ నియమము లేదు, అది తల్లివైపునుండియు సమానముగా వచ్చును. మనవంటి సరిహద్దు ప్రాంతమున మఱియొక చిక్కు కలదు. అన్న చిత్తూరులో, చెల్లెలు కోలారులో, మేనత్త సేలములో ఉందురు. ఒకరి కాగితము తెలుగున, ఒకరిది కన్నడమున, ఒకరిది తమిళమున ఉండును. మూడు కాగితములను ఒక్కచోట చేర్చి చదివినవారు లేనపుడు, ముగ్గురిది ఒక్కటే కథయని ఎవరికి తెలియును?

కావున విద్యార్థులకు మా సలహా యిది. వచ్చు సెలవులలో ఒక వంశవృక్షము గీయుడు. తండ్రివైపువారిని, తల్లివైపువారిని సమానముగా చేర్చుడు. ప్రతి పేరు క్రింద మూడే సంగతులు వ్రాయుడు: ఏ వ్యాధి వచ్చినది, ఏ వయస్సున వచ్చినది, ఏ ఆసుపత్రిలో చూపిరి. పాత కాగితములను, స్కాను చిత్రములను పాఱవేయనీయకుడు. పెద్దలు చెప్పుటకు వెనుకాడినచో ఒత్తిడి చేయక, ఇది బిడ్డల క్షేమమునకని వినయముతో విన్నవింపుడు. ఆ వృక్షమున ఒకే వైపున ఇద్దఱు ముగ్గురు కేన్సరుతో పోయినట్లు కనబడినచో తొందరపడి నిర్ణయములు చేయవలదు. ఆ కాగితమును వైద్యునకు చూపుడు. జన్యుపరీక్ష అవసరమైనచో, వ్యాధి వచ్చినవారు జీవించియుండగానే మొదట వారికి చేయుట ఉత్తమము. అట్లు చేసినచో తక్కినవారికి ఏ దోషమును వెదకవలెనో తెలియును.

చాలమంది ఇండ్లలో ఈ వృక్షమున భయపడవలసినదేదియు కనబడదు. అదియు ఒక లాభమే; ఆ ఇంటివారికి అనవసరపు పరీక్షల వ్యయము తప్పును. కొద్ది ఇండ్లలో మాత్రము ఒక కొమ్మ వాడియున్నట్లు తెలియును. ఆ కొమ్మమీద ఇంకను పచ్చగా నున్న ఆకులను కాపాడుకొను అవకాశము, తెలిసినవారికే గాని తెలియనివారికి లేదు.